డ్యామ్ దగ్గర పది నిమిషాలు

పాస్‌పోర్టు కారు డాష్‌బోర్డు సొరుగులో ఉంది. ఆ సంగతి మున్నీకి గురువారం మధ్యాహ్నమే తెలుసు.

మామూలుగా అది ఉండే చోటు వేరు. మస్కట్‌లో బౌషర్ అనే పేటలో అనిల్ సార్ వాళ్ళ ఫ్లాట్‌లో, పడకగది అల్మారాలో, నంబర్లు నొక్కితే తప్ప తెరుచుకోని ఇనుప పెట్టెలో. మున్నీ విమానం దిగిన రోజే సార్ భార్య రిషిత మేడం చెయ్యి చాపి, "నువ్వు పోగొట్టుకుంటావ్, మా దగ్గరైతే భద్రంగా ఉంటుంది" అని తీసుకుని అందులో పెట్టేసింది. అప్పటినుంచి రెండేళ్ళు మున్నీ దాని మొహం చూడలేదు. గురువారం మెడికల్ పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు బయటికొచ్చింది. పని అయ్యాక సార్ దాన్ని కాగితాలతో పాటు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, ఫైలుని డాష్‌బోర్డులోకి తోశాడు. శుక్ర, శనివారాలు ఆఫీసులు ఉండవు. ఆదివారం పొద్దున్నే మళ్ళీ కావాలి.

ఆదివారం దేనికి కావాలో మాత్రం మున్నీకి ఎవరూ చెప్పలేదు. "ఇంటికెళ్ళాలంటే ముందు మెడికల్ చేయించుకోవాలి" అంది మేడం, అంతే. మున్నీ సంతోషంగా చెయ్యి చాపింది. సూది గుచ్చిన నర్సుకి థాంక్స్ కూడా చెప్పింది.

ఆ సాయంత్రం చెత్త సంచీ పడెయ్యడానికి కిందికి దిగితే షైస్తా కనిపించింది. షైస్తాది కదిరి. పక్క బిల్డింగ్‌లో పని. పదకొండేళ్ళుగా మస్కట్‌లో ఉంది కాబట్టి ఆమెకు తెలియని కాగితం లేదు. మున్నీ మోచేతి మడతలో అంటించిన దూది చూసి పకపకా నవ్వింది.

"ఏమే, ఇంగో రెండేండ్లు రాసిచ్చినావా?"

"లే, ఇంటికి పోవాలంటే రక్తం సూడాలంట. మేడం జెప్పింది."

"ఇంటికి పోయేదానికి రక్తమెందుకే పిచ్చిదానా? ఇమానమోళ్ళకు నీ రక్తంతో ఏం పని? ఈడ ఉండేదానికే తీస్తారు రక్తం. ఆదివారం నీ రెసిడెంట్ కార్డు రెండేండ్లకు కొత్తది చేపిస్తారు సూడు." షైస్తా నవ్వు ఆపేసింది. "ఏలిముద్రలు గూడా ఏసినావా?"

మున్నీ వేసింది. పది వేళ్ళూ వేసింది.

చెత్త సంచీ చేతిలోనే ఉంది. అంతకుముందు ఇంటికి పంపమని నాలుగుసార్లు అడిగింది. మొదటిసారి, పాప పరీక్షలయ్యాక అన్నారు. రెండోసారి, ఊరి నుంచి అత్తగారు వచ్చి వెళ్ళాక అన్నారు. మూడోసారి, ఎండలు తగ్గాక అన్నారు. నాలుగోసారి అడిగితే మేడం ఏడ్చింది. "నిన్ను ఏనాడైనా పనిమనిషిలా చూశామా మున్నీ?" అని ముక్కు తుడుచుకుంది. ఏడుస్తున్న మనిషిని మళ్ళీ ఏమని అడుగుతారు?

రాయచోటిలో మున్నీకి కూతురుంది. పేరు సఫియా. వదిలి వచ్చేనాటికి దాదాపు ఆరేళ్ళు, ఇప్పుడు ఎనిమిది నిండబోతున్నాయి. మున్నీ చెల్లెలు ముంతాజ్ దగ్గర పెరుగుతోంది. పోయిన నెల వీడియో కాల్ చేస్తే ఫోన్ ఎత్తి, లోపలికి తిరిగి, "అమ్మీ! మస్కట్ అమ్మీ ఫోన్!" అని అరిచింది. లోపల ఉన్న అమ్మీ ముంతాజ్. మస్కట్ అమ్మీ అంటే తను. ఇంకో రెండేళ్ళు ఆగితే ఆ మస్కట్ ఒక్కటే మిగులుతుందని మున్నీకి అర్థమైపోయింది.

చెత్త పడేసి, అక్కడినుంచే జిలానీకి ఫోన్ చేసింది.

జిలానీ చిన్నమండెం వాడు. బహ్లా తోటల నుంచి బౌషర్ దుకాణాలకు పికప్‌లో కూరగాయలు తోలుతాడు. వీళ్ళ బిల్డింగ్ కింద దుకాణంలో పరిచయం. యాస విని "అక్కా, మనూరేనా?" అని అడిగిన రోజు నుంచి తమ్ముడే.

"రేపు సార్ పాపను డ్యాము కాడికి పిల్చకపోతాండాడు, చాపలు పట్టేదానికి," అంది మున్నీ. "నన్ను గూడా రమ్మన్న్యాడు. పాస్‌పోర్ట్ బండ్లోనే ఉంటాది."

జిలానీ దారి లెక్క వేసుకున్నాడు.

"నిజవా రోడ్డులో నుంచి లోపలికి పోతాదే, ఆ డ్యామేనా? నేను బహ్లా నుంచి వచ్చేది ఆ పక్కే. గుట్ట ఇవతల చిన్న మసీదు ఉండాది, దాని ఎనకమాల ఆపుతా. ఎనిమిదిన్నరకు. పది నిమిషాలే అక్కా. ఆపైన ఉంటే ఎవురన్నా అడుగుతారు, నా పనీ పోతాది. నేరుగా ఏర్‌పోర్టే. మధ్యాహ్నం బెంగుళూరు ఇమానం ఉండాది, టికెట్ నేను తీస్తా."

"సార్ సూస్తే?"

"చాపలు పట్టేటోడు నీళ్ళు తప్ప ఏమీ సూడడులే."

*

జూన్ నెల. పొద్దున ఏడింటికే డ్యామ్ చుట్టూ ఉన్న కొండలు కాలిన పెనంలా ఉన్నాయి. ఒక్క చెట్టు లేదు. గోధుమరంగు రాళ్ళ మధ్య ఆకుపచ్చని నీళ్ళు కదలకుండా పడి ఉన్నాయి. ఈత కొట్టరాదని అరబ్బీలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. ఆ వేళప్పుడు మనిషన్నవాడు లేడు.

"స్నిగ్ధా, ఇలా చూడు. రాడ్ ఇలా పట్టుకోవాలి. చేత్తో కాదు, మణికట్టుతో విసరాలి," అంటున్నాడు అనిల్ సార్.

ఎక్కడో దూరాన దుక్మ్‌లో కడుతున్న ఫ్యాక్టరీకి ఇంజనీరు ఆయన. వారంలో ఐదు రోజులు అక్కడే. వచ్చిన రెండు రోజుల్లో కూతురికి వారం బాకీ తీర్చాలని చూస్తాడు. ఈసారి మున్నీ కాగితాల పని కోసం గురు, ఆదివారాలు సెలవు పెట్టాడు. ఈ వేసవికి పట్టిన పిచ్చి చేపలు. అమెరికాలో చెరువుల్లో పడవలేసుకుని బాస్ చేపలు పట్టేవాళ్ళ వీడియోలు నెల రోజులు చూసి, రాడ్డూ రీలూ తెప్పించాడు. ఎరగా వెయ్యడానికి కళ్ళూ తోకా ఉన్న రబ్బరు చేపపిల్లలు పెట్టెడు కొన్నాడు.

"ఇక్కడ బాస్ ఉంటుందా డాడీ?"

"నీళ్ళున్నాక ఏదో ఒకటి ఉండదా? మనది కాకినాడ తల్లీ. చేపల గురించి మనకి ఇంకోళ్ళు చెప్పాలా?"

ముప్పావు గంట గడిచింది. రబ్బరు చేప పన్నెండుసార్లు నీళ్ళలో పడి పన్నెండుసార్లు ఒంటరిగా తిరిగొచ్చింది. ఆరేళ్ళ స్నిగ్ధ గొడుగు కిందికి వచ్చి మున్నీ ఒళ్ళో కూలబడింది.

"మున్నీ, ఫిష్‌లన్నీ పడుకున్నాయా?"

"ఆ రబ్బరు బొమ్మను జూసి నగుతాంటాయి పాపా. మీ నాయనకు సెప్పొద్దులే," అని చెవిలో గొణిగింది మున్నీ. "ఈడ ఉండేటివి జిలేబీ చాపలు. సపాతీ పిండికి వస్తాయి."

"జిలేబీ!" పాప పొట్ట పట్టుకుని నవ్వింది. "పాకంలో ఉంటాయా?"

మున్నీ కూడా నవ్వింది. నవ్వుతూనే చేతి గడియారం చూసుకుంది. ఏడూ యాభై. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"సార్, పాపకు నీళ్ళు అయిపోయినాయి. బండ్లో ఉండాది గదా పెద్ద సీసా..."

సార్ వెనక్కి చూడకుండానే జేబులోంచి తాళం తీసి విసిరాడు.

కారు ఎనభై అడుగుల దూరంలో ఉంది. తలుపు తీసింది. డాష్‌బోర్డు సొరుగు నొక్కింది. ఫైలు. ఫైల్లో రెండు రసీదులు, ఆ వెనక నీలం అట్ట. తొందరలో ఫైలు కిందపడింది. ఏరి, పాస్‌పోర్టు తీసుకుని, ఫైలుని ఉన్నచోటే పెట్టి, చున్నీ చాటున సల్వార్ నాడా కింద బిగించి దోపుకుంది. సీసా తీసుకుని, తలుపు వేసి, తాళం వేసింది. అంతా కలిపి నిమిషం పట్టి ఉండదు. వెనక్కి నడుస్తుంటే అట్ట అంచు పొట్టకి గుచ్చుకుంది. అంత హాయైన నొప్పి తనకి ఎప్పుడూ తెలియదు.

తాళం సార్‌కి ఇచ్చేసింది. టిఫిన్ డబ్బా మూతలో ఇంటినుంచి తెచ్చిన కాస్త చపాతీ పిండి, చిటికెడు పసుపు పిసికి ఉండ చేసి పాప చేతిలో పెట్టింది. "మీ నాయన ఒప్పుకుంటే కొక్కేనికి ఇది గుచ్చమను."

సార్ మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ గుచ్చాడు. రాడ్‌ని రెండు రాళ్ళ మధ్య నిలబెట్టి, "ఇక వెయిట్ చెయ్యాలి. చేపల వేటంటేనే ఓపిక," అని పాపకి చెప్పాడు.

ఎనిమిదీ ఇరవై. మున్నీ మనసులో లెక్క సరిచూసుకుంది. మసీదు దాకా నడిస్తే రెండు నిమిషాలు. బాత్రూమ్‌కని చెప్పాలి. తండ్రీకూతుళ్ళు ఇక్కడే ఉంటారు. ఇరవై నిమిషాల దాకా సార్‌కి అనుమానం రాదు. పాపని ఒకసారి ముద్దు పెట్టుకుందామనుకుంది. ఎప్పుడూ పెట్టని ముద్దు ఇప్పుడెందుకని సార్ అనుకుంటాడేమో. మానేసింది.

సరిగ్గా అప్పుడు సార్ జేబులో ఫోన్ కొట్టుకుంది. ఒకటి కాదు, వరసగా ఆరు మెసేజ్‌లు.

"ఛ! సైట్‌లో ఏదో అయింది." ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. "ఇక్కడ సిగ్నల్ ఉండి చావదు. మున్నీ, పాపని చూస్తూ ఉండు. గుట్ట మీద మాట్లాడి ఐదు నిమిషాల్లో వచ్చేస్తా."

"సార్, నేను బాత్రూమ్‌కి..."

"వచ్చాక వెళ్దువుగాని," అంటూనే సగం గుట్ట ఎక్కేశాడు. పైకి చేరి, ఫోన్ చెవికి పెట్టుకుని, అవతలి వైపుకి దిగి మాయమయ్యాడు.

ఎనిమిదీ ఇరవై మూడు.

ఎనిమిదిన్నరకి రెండు నిమిషాల ముందే మసీదు వెనక దుమ్ము లేచింది. తెల్ల పికప్ ముక్కు కాస్త కనిపించి ఆగిపోయింది. జిలానీ మాట మీద నిలబడే మనిషి.

సార్ జాడ లేదు.

"సార్!" అని అరిచింది మున్నీ. కొండలు ఆ మాటని అటూ ఇటూ దొర్లించి మింగేశాయి. "సార్!" మళ్ళీ అరిచింది. తన చావు కబురు తానే పిలిచి చెబుతున్నట్టుంది. పారిపోవాల్సిన మనిషి, ఎవరి కళ్ళుగప్పి పారిపోవాలో ఆ మనిషినే రమ్మని గొంతు చించుకుంటోంది.

ఎనిమిదీ ముప్పై మూడు.

పాపని కారులో కూర్చోబెడదామంటే తాళం సార్ దగ్గరుంది. ఉన్నా ఆ ఎండలో మూసిన కారు పొయ్యితో సమానం. వెంట తీసుకెళ్ళి మసీదు దగ్గర వదుల్దామంటే, ఆ మసీదు నమాజు వేళకి తప్ప తెరవరు. పికప్ ఎక్కించుకుని వెళ్ళే మాటే లేదు. అప్పుడు దాన్ని పారిపోవడం అనరు, పిల్లని ఎత్తుకుపోవడం అంటారు.

ఎనిమిదీ ముప్పై ఐదు. పికప్ హారన్ ఒకసారి పొట్టిగా మోగింది.

మున్నీ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు భుజాలూ పట్టుకుంది.

"పాపా, ఈ గొడుగు కిందనే కూర్చోవాల. మీ నాయన వచ్చేదాకా లెయ్యగూడదు. నీళ్ళ కాడికి పోగూడదు. నాకు మాటివ్వు."

"నువ్వెక్కడికి?"

"బాత్రూమ్‌కి."

"తొందరగా వచ్చెయ్." పాప చేతిలో చెయ్యేసింది. బిస్కెట్ ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా బాసింపట్టు వేసుకుంది.

మున్నీ నడిచింది. ఇరవై అడుగులేసి వెనక్కి చూసింది. గొడుగు కింద గులాబీ రంగు గౌను కదలకుండా ఉంది. యాభై అడుగులు. కూర్చునే ఉంది. మంచి పిల్ల, మాటిస్తే వింటుంది, తనే అలా పెంచింది. ఐదు నిమిషాలన్న మనిషి ఇప్పటికే పన్నెండు నిమిషాలు చేశాడు, ఇంక వచ్చేస్తాడు. వచ్చి తీరాలి. నూట యాభై అడుగులు. పికప్ తలుపు లోపలినుంచి తెరుచుకుంది. జిలానీ మొహం చెమటతో తడిసిపోయింది.

"ఎక్కక్కా, ఎక్కు! తెచ్చినావా?"

"తెచ్చినా." ఒక చెయ్యి తలుపు మీద వేసింది. "జిలానీ, పాప ఒగతే ఉండాది ఆడ. సార్ రాలే. రొంతసేపు..."

"రొంతసేపు లేదక్కా. వెనకాల ఎవురో బండి వస్తాంది, సూడు."

ఒక కాలు పైకి పెట్టింది. అప్పుడే వెనకనుంచి, చాలా దూరం నుంచి, సంతోషం పట్టలేని కేక వినిపించింది.

"మున్నీ! జిలేబీ! జిలేబీ వచ్చింది!"

రాళ్ళ మధ్య రాడ్ విల్లులా వంగి ఊగుతోంది. గొడుగు కింద ఎవరూ లేరు. గులాబీ గౌను నీళ్ళకేసి పరిగెడుతోంది. రాడ్ రాళ్ళలోంచి జారింది. పాప దాని వెంట వెళ్ళింది. ఒడ్డున నాచు పట్టిన రాళ్ళు. మోకాళ్ళ లోతు. నడుం లోతు. ఆ తర్వాత గౌను కనిపించలేదు.

మున్నీ ఎప్పుడు దిగిందో, ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. కాలుతున్న రాళ్ళు అరికాళ్ళని కొరికాయి. నీళ్ళలో పడి, చేతులతో తడిమి, జుట్టు దొరికితే జుట్టే పట్టుకుని లాగింది. పాప మొహం బయటికొచ్చింది. దగ్గింది. కక్కింది. గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తూనే రెండు చేతులతో రాడ్‌ని వదలకుండా పట్టుకుంది. దాని చివర అరచెయ్యంత చేప గిలగిలా కొట్టుకుంటోంది.

ఒడ్డుకి తెచ్చి కూలబడింది. మసీదు వైపు చూసింది. పికప్ అక్కడే ఉంది. ఒక్క క్షణం. తర్వాత హారన్ రెండుసార్లు మోగింది, దుమ్ము లేచింది. దుమ్ము సర్దుకునేసరికి అక్కడ మసీదు ఒక్కటే మిగిలింది.

పాప తడి చేతులు మెడ చుట్టూ బిగించింది. ఆ చేతులు విదిలించి పారెయ్యాలనిపించింది మున్నీకి. పళ్ళు బిగబట్టి, పాప వీపు నిమిరింది.

*

"ఏమైంది? ఏమైంది?" సార్ గుట్ట మీంచి జారుతూ, పడుతూ దిగొచ్చాడు. పాపని లాక్కుని ఒళ్ళంతా తడిమాడు. బతికే ఉందని నమ్మకం కుదిరాక కోపం వచ్చింది. "నిన్ను చూడమని కదా చెప్పాను! ఎక్కడ చచ్చావ్?"

మున్నీ మొహం మీది తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

"మున్నీ వెళ్ళిపోయింది డాడీ," అంది స్నిగ్ధ వెక్కుతూ. తండ్రి తిడుతుంటే మున్నీని వెనకేసుకురావాలని దాని ఆత్రం. "అక్కడ వైట్ కారు ఎక్కబోతోంది. నేను పిలవగానే పరిగెత్తుకొచ్చేసింది. మున్నీని తిట్టొద్దు."

సార్ మసీదు కేసి చూశాడు. మున్నీ కేసి చూశాడు. చున్నీ నీళ్ళలో పోయింది. తడిసి ఒంటికి అతుక్కున్న కమీజు కింద నలుచదరంగా అట్ట అచ్చు తేలి కనిపిస్తోంది. ఆయన చెయ్యి చాపలేదు. అటు తిరిగి నిలబడ్డాడు, మర్యాదస్తుడు కనక.

"తీసి ఇవ్వు," అన్నాడు.

ఇచ్చింది. అంచుల వెంట నీళ్ళు కారుతున్నాయి.

సార్ దాన్ని కారు బానెట్ మీద పెట్టి, ఒక్కో పేజీ విడదీసి, ఎగరకుండా చిన్న రాళ్ళు పెట్టాడు. ఆ ఎండకి బానెట్ మీద దోసె పొయ్యొచ్చు. పది నిమిషాల్లో పేజీలు పెళపెళలాడాయి. ఈలోగా పాప బట్టలు మార్చాడు. చేపని పట్టుకోమని ఫొటో తీశాడు. ఏడుపు మొహంతోనే పాప నవ్వింది. తిరిగొచ్చి పాస్‌పోర్టు తిరగేశాడు.

"ఫొటో పేజీ బానే ఉంది. ఆదివారానికి ఇబ్బంది లేదు." అప్పుడు మున్నీ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది మున్నీ. "అడిగితే పంపించమా? ఇలా దొంగతనంగా... ఎవడో బండివాడితో... నీకేమైనా అయితే మేం ఏం సమాధానం చెప్పుకోవాలి?"

"నాలుగుసార్లు అడిగినా సార్."

"మేడంని అడిగావేమో. నన్ను అడగలేదుగా."

"ఇప్పుడు అడుగుతాండా. నన్ను పంపీయండి సార్. నాకు కూతురుంది."

"తెలుసు మున్నీ. మొన్న మీ ఊరెళ్ళే వాళ్ళతో బొమ్మ కూడా పంపించాం కదా." ఆయన నిట్టూర్చాడు. "ఇవాళ నువ్వు లేకపోతే నా బిడ్డ లేదు. ఆ విశ్వాసం నాకుంది. మేడంకి ఏమీ చెప్పను, పోలీసులకీ చెప్పను. మన మధ్యే ఉంటుంది. సరేనా?"

ఆగాడు. మున్నీ ఏదో అంటుందని ఆగాడు. థాంక్స్ చెబుతుందని ఆగాడని ఆమెకు తెలుసు. ఆ మాటకి బదులు ఆదివారం సంగతి ఎత్తింది.

"సార్, ఆదివారం ఆ కాగితాలు..."

"ఎండలో నిలబడి మాట్లాడుకునేవా ఇవి? పాపకి వడదెబ్బ తగులుతుంది. ఎక్కు, ఏసీ వేస్తాను."

పాస్‌పోర్టుని ఆయన డాష్‌బోర్డులో పెట్టలేదు. ప్యాంటు జేబులో పెట్టుకుని, బయటినుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు.

మున్నీ వెనక సీట్లో కూర్చుంది. అరికాళ్ళు బొబ్బలెక్కి మండుతున్నాయి. స్నిగ్ధ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, చేప ఉన్న ప్లాస్టిక్ డబ్బాని పొట్ట మీద పెట్టుకుంది. కారు రాళ్ళ దారి దాటి తారు రోడ్డెక్కింది.

"మున్నీ, నెక్స్ట్ ఫ్రైడే కూడా వద్దామా? ఇంకా పెద్దది పడదాం."

మున్నీ కిటికీలోంచి చూస్తోంది. మస్కట్ ఎన్ని కిలోమీటర్లో చెప్పే బోర్డు వెనక్కి పోయింది.

"అడుగుతోంది కదా మున్నీ, చెప్పు," అన్నాడు సార్ ముందు నుంచి, మెత్తగా. "మొన్నటిదాకా నీళ్ళంటే భయపడేది. ఇప్పుడు చూడు, నీతోనే వస్తానంటోంది."

"వద్దాం పాపా," అంది మున్నీ.